నేర కుటుంబంలో అన్నదమ్ములు: నవల రాసేవాళ్ళకు కొన్ని మాటలు

(తిరుపతిలో నవలా రచన కార్యశాలలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నేరం మీద బతికే ఒక కుటుంబం, ఆ ఇంట్లో అన్నదమ్ములు, వాళ్ళ మధ్య నమ్మకం, తగాదా. నాకిచ్చిన విషయం ఇది. మీలో చాలామంది శేషాచలం చుట్టుపక్కలవాళ్ళే కాబట్టి ఎర్రచందనం కుటుంబాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కల్పిత కుటుంబం, పేర్లు కూడా పెట్టను. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, వాళ్ళకొక చెల్లెలు, తల్లి. నాయన ఎప్పుడో పోయినాడు. ఊరు చంద్రగిరికీ భాకరాపేటకీ నడుమ ఎక్కడో అనుకోండి.

మామూలు రైతు ఇంట్లోనూ అన్నదమ్ములు కొట్లాడుకుంటారు. గట్టు దగ్గర, బోరు దగ్గర, మామిడి తోట కాపు దగ్గర. చిత్తూరు కోర్టుకు పోతారు, పదేళ్ళు వాయిదాలు తిరుగుతారు. అయినా ఇంట్లో పెళ్ళయితే ఒకరింటికి ఒకరు పత్రిక పంపుకుంటారు. నేర కుటుంబంలో అదే తగాదా ప్రాణం మీదికి ఎందుకొస్తుంది? "వాళ్ళు క్రూరులు గనక" అని చాలా నవలలు సరిపెట్టేస్తాయి. అలా అనుకున్న రోజే నవల చచ్చిపోతుంది. అసలు సంగతి, వాళ్ళ దగ్గర కాగితం లేదు. దస్తావేజు లేదు, రసీదు లేదు, తగాదా వస్తే చెప్పుకునే చోటు లేదు. ఆస్తి మొత్తం మాట మీద నిలబడి ఉంటుంది. ఆ మాటకు పూచీ అన్నదమ్ముల విధేయత ఒక్కటే. అందుకే అది కాస్త బీటలు వారినా ఇల్లంతా కదులుతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క నుంచే వస్తుంది.

దీన్ని లెక్కల్లో చూద్దాం. రైతు కుటుంబం భాగాలు పంచుకునేటప్పుడు పెద్దమనుషులు కూర్చుంటారు. చాలా ఊళ్ళలో పద్ధతి, పెద్దవాడు భాగాలు పెడితే చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెట్టినవాడికి ఎంపిక లేదు కాబట్టి సమంగా పెడతాడు. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పంపకం రిజిస్టరు చేయించుకుంటారు. ఇప్పుడు మన పెద్దోడిని చూడండి. రేణిగుంట రోడ్డులో రెండెకరాలు కొన్నాడు. డబ్బు ఎక్కడిదో చూపించలేడు గనక నడిపోడి పేరున రిజిస్టరు చేయించాడు. అయిదేళ్ళకు ఇద్దరికీ చెడింది. పెద్దోడు కోర్టుకు పోయి "డబ్బు నాది, వాడిది పేరు మాత్రమే" అనగలడా? అనలేడు. 1988 నాటి బినామీ చట్టంలోని నాలుగో సెక్షను ప్రకారం బినామీ ఆస్తి నాదే అని దావా వెయ్యడానికి వీల్లేదు. 2016లో ఆ చట్టాన్ని సవరించి ఇంకా బిగించారు. అన్నదమ్ముల మధ్య చిన్న మినహాయింపు ఉంది గానీ, దానికి దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. మన కుటుంబానికి రెండూ కుదరవు. పెద్దోడు నోరు తెరిస్తే భూమి తమ్ముడికీ దక్కదు, తనకూ దక్కదు, సర్కారు జప్తు చేస్తుంది. ఇక నడిపోడు కాగితం మీద హక్కుదారు, మనసులో కాపలాదారు. రోజూ ఆ స్థలం ముందునుంచి స్కూటర్ మీద పోతూ అది తనదో కాదో తెలియని మనిషి. ఈ ఒక్క పరిస్థితి మీదే వంద పేజీలు నడపవచ్చు. ఇందులో కత్తి, తుపాకీ ఎక్కడా అక్కర్లేదు.

నేర చట్టం దగ్గరకు వస్తే అన్నదమ్ముల బంధం ఇంకా ఒంటరి. నేరస్థుడికి ఆశ్రయం ఇవ్వడం నేరం. పాత శిక్షాస్మృతిలో 212, భారతీయ న్యాయ సంహితలో 249. అందులో మినహాయింపు భర్తకో భార్యకో ఉంది గానీ, అన్నకూ తమ్ముడికీ లేదు. అలాగే దాంపత్యంలో ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటలను కోర్టులో బయటపెట్టమని భార్యాభర్తలను బలవంతపెట్టకూడదు. ఒకరి మీద ఒకరు చేసిన నేరం లాంటి సందర్భాలు వేరు. ఆ రక్షణ అన్నదమ్ములకు లేనే లేదు. అంటే పెద్దోడు అర్ధరాత్రి వచ్చి తలుపు కొడితే, లోపలికి రానిచ్చిన తమ్ముడు నేరస్థుడు, పక్కన నిలబడి అన్నం పెట్టిన మరదలు నేరస్థురాలు. పారిపోయినవాడి సొంత భార్యకు మాత్రమే వెసులుబాటు. ఈ సంగతి తెలిసి రాస్తే తలుపు గడియ తీసే ఆ అర నిమిషం బరువు మారిపోతుంది.

కాలం విషయంలో ఒక జాగ్రత్త. మీ కథ 2024 జూలై 1కి ముందు జరిగితే పాత సెక్షన్లు, తర్వాత జరిగితే కొత్తవి. చంద్రగిరి 2015లో చిత్తూరు జిల్లా. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఎఫ్‌ఐఆర్‌లో జిల్లా పేరు తప్పు పడితే ఇక్కడి పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు, మూసెయ్యడం న్యాయం కూడా.

ఇప్పుడు పని మొదలుపెడదాం. మొదటి అధ్యాయం రాయకముందు మూడు కాగితాలు తీసుకోండి, అన్నదమ్ములు ఒక్కొక్కరికీ ఒకటి. ఇంటి చరిత్రలోంచి పది పన్నెండు సంఘటనలు ఎంచుకోండి. నాయన చావు, మొదటి లోడు, మొదటి కేసు, చెల్లెలి పెళ్ళి, ఇల్లు కట్టడం, చిన్నోడి చదువు, ఇలాంటివి. అవే సంఘటనలు మూడు కాగితాల మీదా రాయాలి. ప్రతిదాని ఎదురుగా ఆ మనిషి లెక్కలో తాను ఇచ్చింది ఎంత, పొందింది ఎంత. మూడింటిలో లెక్క ఒకేలా వచ్చిందంటే మీ దగ్గర ఇంకా కథ లేదు.

ఉదాహరణకు చదువు. నాయన పోయేనాటికి పెద్దోడికి ఇరవై ఒకటి, నడిపోడికి పదిహేడు, చిన్నోడికి తొమ్మిది అనుకుందాం. నడిపోడు ఇంటర్ మానేసి అన్నతో బండి ఎక్కినాడు. చిన్నోడిని ఇంజనీరింగ్ చదివించారు. పెద్దోడి కాగితంలో: "ఇద్దరినీ సాకినా, ఒగర్ని ఇంజనీరు చేసినా." నడిపోడి కాగితంలో: "నా చదువు తీసి వాడికి పెట్టినారు." చిన్నోడి కాగితంలో ఉండేది ఎవరూ ఊహించరు: "నన్ను ఎప్పుడూ లోపలికి రానీలేదు. ఇంట్లో మూడో మనిషిగా లెక్కపెట్టలేదు." ముగ్గురూ నిజమే చెప్తున్నారు. వయసుల తేడా ఊరికే వేసిన అంకె కాదని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. పెద్దోడికీ చిన్నోడికీ పన్నెండేళ్ళు ఉంటే అన్న తండ్రి అవుతాడు, తండ్రి మీద తిరగబడినట్టే తిరగబడతారు. నాలుగేళ్ళే ఉంటే పోటీదారు అవుతాడు. రెండూ ఒకే ఇంట్లో ఉండేలా వయసులు పెట్టుకుంటే నడిపోడు దానంతటదే కథలో బరువైన మనిషి అవుతాడు. చాలామంది నడిపోడిని నింపుడు పాత్రగా వదిలేస్తారు. నా దృష్టిలో మోసేవాడు వాడే, విరిగితే మొదట విరిగేదీ వాడే.

కేసుల్లో వరస కూడా లెక్కే. మన దినపత్రికల్లో ఏ1, ఏ2 అని చదువుతుంటాం కదా, ముద్దాయిల వరస. పెద్దోడు తప్పుకుని నడిపోడు ఏ1గా నిలబడితే, ఆ రుణం ఎంత? ఎన్ని రిమాండ్లు, ఎన్ని వాయిదాలు, ఎన్ని పెళ్ళి సంబంధాలు తప్పిపోయాయి? అన్న దాన్ని డబ్బుతో కట్టేశాననుకుంటాడు, తమ్ముడు దాన్ని డబ్బుతో తీరేదిగా అనుకోలేదు. కాగితం మీద ఇది రాసుకోండి.

తగాదా ఎలా పుట్టించాలి? మనకు వాలి సుగ్రీవుల కథ ఉంది. దాన్ని భక్తి కోసమో నీతి కోసమో కాకుండా ఒక పనిముట్టుగా విప్పి చూడండి. మాయావిని తరుముతూ వాలి గుహలోకి పోతాడు. తమ్ముణ్ణి వాకిట్లో ఉండమంటాడు. ఏడాది గడుస్తుంది. లోపలినుంచి నెత్తురు పారుతుంది, రాక్షసుడి అరుపులు వినిపిస్తాయి, అన్న గొంతు వినపడదు. సుగ్రీవుడు అన్న చచ్చిపోయాడనుకుని బండ అడ్డంపెట్టి తిరిగివస్తాడు. మంత్రులు పట్టం కడతారు. అన్న తిరిగొస్తాడు. ఇందులో ఎన్ని భాగాలున్నాయి? ఒక ఆజ్ఞ, ఒక మూసిన చోటు, కబురు లేని కాలం, రెండు రకాలుగా అర్థమయ్యే ఒక గుర్తు, వెనక్కి తీసుకోలేని ఒక పని, ఆ పని వల్ల చేసినవాడికి కలిగిన లాభం. చివరిదే కీలకం. సుగ్రీవుడు బండ పెట్టి అడవులకు పోయి ఉంటే వాలి క్షమించేవాడేమో. సింహాసనం ఎక్కడం వల్ల పొరపాటు ద్రోహంగా కనపడింది. లాభం లేని పొరపాటుతో రాసిన తగాదాలు అందుకే నిలబడవు. రెండు పేజీల్లో ఎవరో ఒకరు "అది కాదన్నా, జరిగింది ఇదీ" అని చెప్పేస్తే తీరిపోతాయి.

మన కుటుంబానికి గుహ అంటే జైలు. పీడీ యాక్ట్ కింద, అంటే 1986 నాటి నిర్బంధ చట్టం కింద, విచారణ లేకుండానే పన్నెండు నెలల వరకు ఉంచవచ్చు. మామూలు బెయిలు దానికి పనిచెయ్యదు. పెద్దోడిని కడప కేంద్ర కారాగారంలో పెట్టారనుకోండి. ములాఖత్‌లో మాట్లాడుకోవడానికి దొరికేది కాసేపే, అదీ నలుగురి చెవిన పడుతుంది. అసలు సంగతి అడగలేడు. కబురు వకీలు జూనియర్ ద్వారానో, విడుదలై వచ్చినవాడి ద్వారానో బయటికి వస్తుంది. చేతులు మారేకొద్దీ మాట మారుతుంది. "సరుకు కదపొద్దు" అన్నది "సరుకు ఉంచొద్దు"గా చేరినా చాలు. చిన్నోడు అమ్మేశాడు. డబ్బు వచ్చింది. అప్పులవాళ్ళు వాడి దగ్గరికే రావడం మొదలైంది. కుర్చీ ఎవరూ ఇవ్వకుండానే వాడిదైంది. పన్నెండు నెలల తర్వాత పెద్దోడు ఇంటికొచ్చాడు.

ఆ రోజు సన్నివేశాన్ని సాధారణంగా ఇలా రాస్తారు: "తమ్ముడూ! నీ ఒంట్లో ప్రవహించేది నా రక్తమే కదరా! నన్నే మోసం చేస్తావా?" ఇంత మాట ఎవరూ అనరు. మన వైపు అసలే అనరు. ఇంకోరకంగా రాద్దాం. మధ్యాహ్నం, నడిపోడి ఇల్లు, రాగి సంగటి, తలకాయ కూర. పెద్దోడు చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు.

"గోడౌను తాళం మార్చినారా?"

"మార్చినామన్నా. పాతది తుప్పు పట్టింది."

"ఎవురు మార్చమన్నారు?"

"ఎవురూ చెప్పలే. నేనే మార్పించినా."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు."

"ఒగటి ఇట్లియ్యి."

"ఒగటి నా కాడ ఉండాది. ఇంగొగటి చిన్నోని కాడ."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరదలు వచ్చి కూర వడ్డించింది.

"సంగటి సల్లారతా ఉండాది, తినన్నా."

ఇక్కడ మోసం అన్న మాట లేదు, రక్తం అన్న మాట లేదు. మనుషులు ముగ్గురు, తాళంచెవులు రెండు. నడిపోడు అబద్ధమూ చెప్పలేదు, బెదిరించనూ లేదు. కానీ "ఇంకోటి చేయిస్తానన్నా" అనలేదు చూడండి, అక్కడ తెగింది. ఇలాంటి సన్నివేశానికి వస్తువు ఒక్కటి చాలు. తాళంచెవి, బండి ఆర్‌సీ, చీటీ పుస్తకం, ఏదైనా సరే. ఒకే పేజీలో మూడు వస్తువులు పెడితే పాఠకుడు ఏదీ పట్టుకోడు.

పిలుపు గురించి. మన వైపు తమ్ముడు అన్నను "అన్నా" అంటూనే "నువ్వు" అంటాడు, అందులో అమర్యాద లేదు. చెడిన తర్వాత "నువ్వు" పోయి "మీరు" వస్తుంది. లేదా ఎదురుగా ఉన్న అన్న గురించే పక్కవాడితో "ఆయప్పనే అడుగు" అంటాడు. గొంతు పెంచడం కన్నా ఇది పదింతలు కోస్తుంది. నవల మొత్తంలో ఇలాంటి మార్పు ఒక్కసారే రావాలి. తరచూ మార్చారంటే అది పాఠకుడికి రచయిత అజాగ్రత్తగా కనిపిస్తుంది.

అప్రూవర్, అంటే క్షమాపణ పొంది తోటి ముద్దాయిల మీదే సాక్ష్యం చెప్పే ముద్దాయి, విషయంలో చాలా నవలలు కాలు జారతాయి. చిన్నోడు పోలీస్ స్టేషన్లో ఏదో చెప్పాడట, ఇంకేముంది ఇల్లు కూలిపోయింది అని రాస్తారు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరాంగీకారాన్ని ముద్దాయి మీద సాక్ష్యంగా వాడటానికి లేదు. పోలీసులు దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం కూడా తీసుకోకూడదు. బరువుండేది మేజిస్ట్రేట్ ముందు ఇచ్చినదానికి. అప్రూవర్‌గా మారడం ఇంకా పెద్ద మెట్టు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 306, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 343. సెషన్స్ కోర్టు విచారించే నేరమో, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడగల నేరమో అయితేనే అది వర్తిస్తుంది. తనకు తెలిసినదంతా దాచకుండా చెప్తానన్న షరతు మీదే క్షమాపణ ఇస్తారు, దాచితే క్షమాపణ పోతుంది. ఇక రచయితలు మరిచిపోయేది: అప్పటికే బెయిలు మీద ఉంటే తప్ప, అప్రూవర్ విచారణ ముగిసేదాకా కస్టడీలోనే ఉండాలి. క్షమాపణ దొరికిన మర్నాడే వాడు ఇంటికి రాడు. అన్న బెయిలు మీద ఊళ్ళో తిరుగుతుంటాడు, నిజం చెప్పిన తమ్ముడు జైల్లో ఉంటాడు. ఇంతకన్నా బలమైన పరిస్థితి మీరు కల్పించగలరా? చట్టమే ఇస్తుంటే ఎందుకు వదులుకుంటారు?

వాడెందుకు చెప్పాడన్నది భయంతోనో ఆశతోనో ముగించకండి. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని విభీషణుణ్ణి ఒక్క మాటలో కొట్టేస్తాం. కానీ అదే ఇంట్లో కుంభకర్ణుడూ ఉన్నాడు. అన్న చేసింది తప్పని మొహం మీదే చెప్పి, చెప్పిన తర్వాత అన్న కోసమే యుద్ధానికి పోయాడు. తప్పు తెలిసి వెళ్ళిపోయినవాడు ఒకడు, తప్పు తెలిసీ ఉండిపోయినవాడు ఒకడు. మీ నవలలో నడిపోడు, చిన్నోడు ఈ ఇద్దరైతే, ఎవరు ఏదో చివరిదాకా తెలియకుండా నడపండి. ఉండిపోయినవాడిని గొప్పవాడిని చెయ్యకండి. వాడు ఉండిపోయినందువల్ల ఎవరో చచ్చిపోయి ఉంటారు.

ఆ "ఎవరో" గురించి గట్టిగా చెప్పాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు పల్లెలవాళ్ళు. ఎర్రచందనం మీద రాసే నవలలో అడవిలో గొడ్డలి పట్టినవాడు కనపడకపోతే, అన్నదమ్ముల గొడవ ఎంత బాగా రాసినా అది బంగళా గొడవే. వాడిని తగాదాలోకే తీసుకురండి. ఒక కూలీ చనిపోయాడు. వాళ్ళింటికి ఎంత ఇవ్వాలి, ఎవరు పోయి ఇవ్వాలి? పెద్దోడు మేస్త్రీ చేత పంపిస్తే చాలంటాడు. నడిపోడు తానే జవ్వాది కొండలకు పోయి ఆ ఇంటి ముందు నిలబడి వస్తాడు. తిరిగొచ్చిన నడిపోడు పోయిన నడిపోడు కాడు. అన్నదమ్ములు తెగిపోవడానికి ఇంతకన్నా నిజమైన కారణం నాకు తోచలేదు.

ఆడవాళ్ళ సంగతి. తోటికోడళ్ళు వచ్చి అన్నదమ్ములను విడగొట్టారన్న కథను దయచేసి మళ్ళీ రాయకండి. అది అబద్ధం, సోమరితనం కూడా. ఇల్లు ఎంతకాలం నిలుస్తుందో ముందుగా తెలిసేది వాళ్ళకే, ఎందుకంటే సోదాకు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ళే. చెల్లెలిని కూడా మరవకండి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. కానీ ఈ ఇంట్లో ఆస్తి కాగితం మీద లేదు కదా, ఆమె అడిగేది దేన్ని? ఆమె భర్త పేరున మాత్రం రెండు లారీలు ఉంటాయి. హక్కు ఉన్నది ఆమెకు, పూచీ పడ్డది ఆమె మొగుడు.

(సభలోంచి ప్రశ్న: చివరికి అన్నదమ్ముల్లో ఒకరు చావాలా?)

అక్కర్లేదు. చావుతో ముగిస్తే లెక్కలన్నీ ఎగ్గొట్టినట్టే, ఎవరి కాగితమూ తేలదు. చావే కావాలంటే తల్లిది తీసుకోండి. మన వైపు చాలా ఇళ్ళలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. చిన్నోడు అప్రూవర్, కస్టడీలో ఉన్నాడు. వకీలు కోర్టులో దరఖాస్తు పెట్టాలి, ఉత్తర్వు రావాలి, ఎస్కార్టు పోలీసులు దొరకాలి, కడప నుంచి రావాలి. ఇంటి ముందు శవం ఉంది, ఎండాకాలం, ఐస్ పెట్టె అద్దెకు తెచ్చారు, ఊరంతా ఎదురుచూస్తోంది. వాడి కోసం ఆగాలా, నడిపోడి చేత కానిచ్చెయ్యాలా అన్నది తేల్చాల్సింది పెద్దోడు. ఎవడి సాక్ష్యం వల్ల తనకు శిక్ష పడబోతుందో వాడి కోసం ఆగాలి. పోలీసుల ఎదుట, చుట్టాల ఎదుట.

భోజనాల తర్వాత మనం చేసే అభ్యాసం ఇదే. నాలుగు పేజీలు మించకూడదు. పొద్దున ఏడుకు మొదలై, కుండ భుజానికి ఎత్తుకునే ముందు ఆగిపోవాలి. నమ్మకం, ద్రోహం, రక్తం అన్న మాటలు వాడకూడదు. ఎవరు ఆగమన్నారు, ఎవరు వద్దన్నారు, ఫోను ఎవరి చేతిలో ఉంది, ఐస్ పెట్టెకు డబ్బు ఎవరు కట్టారు, ఇవి ఉండాలి. మూడు కాగితాలు ముందు రాసుకుని, తర్వాతే సన్నివేశం మొదలుపెట్టండి. కాగితాలు కూడా నాకు చూపించాలి.